కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ

కాన్‌స్టాంటిన్ ఎడ్వర్డోవిచ్ సియోల్కోవ్‌స్కీ (సెప్టెంబరు 17, 1857 - సెప్టెంబరు 19, 1935) రష్యా దేశానికి చెందిన ప్రముఖ శాస్త్రవేత్త, ఉపాధ్యాయుడు మరియు రచయిత. రోదసీయానానికి సైద్ధాంతికమైన పునాది వేసినవారిలో ఈయన మొదటివాడు. అమెరికాకు చెందిన రాబర్ట్ గొడార్డ్, జర్మన్ భాషలో రచనలు చేసిన హెర్మన్ ఒబెర్త్‌లతో పాటు ఈయనను ఆధునిక రాకెట్ విజ్ఞానానికి ఆద్యుడుగా పరిగణిస్తారు. రాకెట్టు వేగానికీ, దానిలోని ఇంధనానికీ గల సంబంధాన్ని తెలిపే సమీకరణం ఈయన పేరుతోనే ప్రసిద్ధి చెందినది.

సియోల్కోవ్‌స్కీ తన జీవితకాలంలో ఒక్క రోదసీ రాకెట్టునైనా నిర్మించలేదు. చిన్ననాడే వినికిడి కోల్పోయి, కళాశాల చదువు లేకుండా, చిన్న పట్టణాలలో బడిపంతులుగా పనిచేస్తూ ఈ పరిశోధనలన్నీ చేశాడు. మానవుడు భూమిని విడిచి వెళ్లగలడని గణితం ద్వారా నిరూపించడమే కాక, ఏనాటికైనా ఇతర నక్షత్రాలను కూడా చేరుకొనగలడని విశ్వసించాడు. అయితే ఆ నక్షత్రయానం ఎంత కష్టసాధ్యమో కొలిచి చూపేది కూడా ఆయన సమీకరణమే.

బాల్యం, విద్య

సియోల్కోవ్‌స్కీ రష్యాలోని ర్యజాన్ రాష్ట్రానికి చెందిన ఇజెవ్‌స్కొయె గ్రామంలో జన్మించాడు. తండ్రి ఎడ్వర్డ్ ఇగ్నాత్యెవిచ్ పోలిష్ సంతతికి చెందినవాడు, అటవీశాఖలో ఉద్యోగి. తల్లి మరియా ఇవానోవ్నా యుమషేవా. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం మొదట ర్యజాన్‌కు, తరువాత 1868లో వ్యాత్కా పట్టణానికి మారినది.

తొమ్మిది, పదేళ్ల వయసులో స్కార్లెట్ జ్వరం సోకి ఈ బాలుని వినికిడి చాలావరకు పోయింది. పాఠం వినబడక, తోటివారితో కలవలేక బడిలో వెనుకబడ్డాడు. 1870లో తల్లి మరణించినది. మరి కొద్దికాలానికి బడి చదువు కూడా ఆగిపోయింది. అప్పటి నుండి తండ్రి వద్దనున్న పుస్తకాలే ఆయనకు గురువులయ్యాయి.

కుమారుని తెలివితేటలను గమనించిన తండ్రి 1873లో అతనిని మాస్కో పంపించాడు. అక్కడ సాంకేతిక విద్యాలయంలో చేరడం సాధ్యపడలేదు. మూడేళ్లపాటు చెర్ట్‌కోవ్ గ్రంథాలయంలో కూర్చుని గణితం, భౌతిక, రసాయన, ఖగోళ శాస్త్రాలను స్వయంగా అభ్యసించాడు. ఇంటి నుండి నెలకు వచ్చే 10, 15 రూబుళ్లలో అధికభాగం పుస్తకాలకు, రసాయన పదార్థాలకు వెచ్చించి, నల్లరొట్టె తిని కాలం గడిపాడు. ఆ గ్రంథాలయంలో పనిచేసిన నికొలాయ్ ఫ్యోదొరొవ్ అనే తత్త్వవేత్త ఆయనకు పుస్తకాలు అందించేవాడు. మానవజాతి మృత్యువును జయించి విశ్వమంతటా విస్తరించాలన్నది ఫ్యోదొరొవ్ సిద్ధాంతం. సియోల్కోవ్‌స్కీ తదనంతర భావాలలో దీని ఛాయలు కనిపిస్తాయని చరిత్రకారులు భావిస్తారు.

ఉపాధ్యాయ జీవితం

1876లో ఇంటికి తిరిగివచ్చి పిల్లలకు ప్రైవేటు పాఠాలు చెప్పసాగాడు. 1879లో ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణుడై, మరుసటి సంవత్సరం బొరొవ్‌స్క్ పట్టణంలో అంకగణితం, రేఖాగణితం బోధించే ఉద్యోగంలో చేరాడు. 1880లోనే వర్వారా సొకొలోవాను వివాహమాడాడు. 1892లో మాస్కోకు నైరుతి దిశలోనున్న కలూగా పట్టణానికి బదిలీ అయి, శేషజీవితమంతా అక్కడే గడిపాడు. 1899 నుండి బాలికల పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించాడు. వినికిడి కోసం రేకుతో తానే తయారు చేసుకున్న పొడవాటి గొట్టాలను చెవికి ఆనించుకొనేవాడు.

విద్వత్ సమాజానికి దూరంగా ఉండడం వలన ఆయనకు కొన్ని చిక్కులు కలిగాయి. 1881 ప్రాంతంలో వాయువుల గతిజ సిద్ధాంతాన్ని స్వయంగా రూపొందించి రష్యన్ భౌతిక రసాయన శాస్త్ర సంఘానికి పంపగా, ఆ ఫలితాలు అంతకు ఎంతో ముందే వెలువడ్డాయని తెలిసినది. అయినా సంఘ సభ్యులు ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. 1887లో లోహనిర్మితమైన ఎయిర్‌షిప్ గురించి మాస్కోలో ప్రసంగించాడు. అదే సంవత్సరం బొరొవ్‌స్క్‌లోని ఇల్లు అగ్నిప్రమాదానికి గురై వ్రాతప్రతులు, నమూనాలు దగ్ధమయ్యాయి. 1897లో కలూగాలోని తన ఇంటిలోనే ఒక వాయు సొరంగాన్ని నిర్మించి వివిధ ఆకృతులపై గాలి నిరోధాన్ని కొలిచాడు. ఈ పరిశోధనకు రష్యన్ విజ్ఞాన అకాడమీ 470 రూబుళ్లు మంజూరు చేసినది. విప్లవానికి పూర్వం ఆయనకు లభించిన ప్రభుత్వ సహాయం దాదాపు ఇంతే.

ఆయన కుటుంబ జీవితం విషాదభరితమైనది. ఏడుగురు సంతానంలో ఐదుగురు ఆయన బ్రతికి ఉండగానే మరణించారు. వారిలో ఇద్దరు కుమారులు, 1902లో ఇగ్నాతీ, 1923లో అలెక్సాండర్, ఆత్మహత్య చేసుకున్నారు. 1908లో ఓకా నది వరదలలో ఇల్లు మునిగి మరికొన్ని కాగితాలు పాడయ్యాయి.

రాకెట్ సమీకరణం

1883లో వ్రాసిన "స్వేచ్ఛా రోదసి" అనే వ్రాతప్రతిలో, ఆధారమే లేని శూన్యంలో కదలడానికి ప్రతిచర్య ఒక్కటే మార్గమని సియోల్కోవ్‌స్కీ గుర్తించాడు. ద్రవ్యాన్ని వెనుకకు విసిరితే వాహనం ముందుకు కదులుతుంది. దీనికి గాలి అవసరం లేదు. ఈ సూత్రం నుండి 1897లో ఆయన తన ప్రసిద్ధ సమీకరణాన్ని రాబట్టాడు. దానిని మాటలలో ఈ విధంగా చెప్పవచ్చు: రాకెట్టు పొందే వేగం, వెలువడే వాయువుల వేగాన్ని, తొలి ద్రవ్యరాశికీ తుది ద్రవ్యరాశికీ గల నిష్పత్తి యొక్క సహజ సంవర్గమానంతో గుణించగా వచ్చే విలువకు సమానం. ఇటువంటి సూత్రాన్ని బ్రిటన్‌కు చెందిన విలియం మూర్ 19వ శతాబ్ది తొలినాళ్లలోనే కనుగొన్నాడు. కాని దానిని రోదసీయానానికి అన్వయించి, ఫలితాలను సాంతంగా పరిశీలించినది సియోల్కోవ్‌స్కీయే.

ఈ సమీకరణంలోని ముఖ్యాంశాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. వాయువులు సెకనుకు 4.5 కి.మీ. వేగంతో వెలువడుతున్నాయని అనుకుందాం. రాకెట్టుకు కూడా సెకనుకు 4.5 కి.మీ. వేగం రావాలంటే బయలుదేరేనాటి బరువు, ఇంధనం ఖర్చయిన తరువాతి బరువుకు సుమారు 2.7 రెట్లు ఉండాలి. 9 కి.మీ. వేగానికి ఇది 7.4 రెట్లు, 13.5 కి.మీ. వేగానికి 20 రెట్లు అవుతుంది. అనగా వేగం కూడికలో పెరుగుతుంటే ఇంధనం గుణకారంలో పెరుగుతుంది. రాకెట్ నిర్మాతలు నేటికీ ఎదుర్కొనే ప్రధాన సమస్య ఇదే.

ఈ ఫలితాలను 1903లో "ప్రతిచర్యా సాధనాలతో విశ్వాంతరాళ అన్వేషణ" అనే వ్యాసంగా "నౌచ్‌నయె ఒబొజ్రేనియె" పత్రికలో ప్రచురించాడు. అందులో ఆనాడు వాడుకలోనున్న తూటామందుకు బదులు ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లను ఇంధనంగా సూచించాడు. అదే సంవత్సరం సంపాదకుడు మిఖాయిల్ ఫిలిప్పొవ్ ఆకస్మికంగా మరణించడంతో పత్రిక మూతబడినది. వ్యాసాన్ని చదివినవారు చాలా తక్కువ. విస్తరించిన రెండవ భాగం 1911-12లో ఒక విమానయాన పత్రికలో వెలువడిన తరువాతనే ఆయన పేరు కొంత వ్యాప్తిలోకి వచ్చినది. యాకొవ్ పెరెల్మాన్ 1915లో వ్రాసిన జనరంజక విజ్ఞాన గ్రంథం ఈ భావాలను సామాన్య పాఠకులకు చేరవేసినది.

ఒకే రాకెట్టు మోయగల ఇంధనానికి పరిమితి ఉన్నందున, ఒకదాని తరువాత ఒకటి మండి విడిపోయే "రాకెట్ రైళ్ల"ను 1929లో ప్రతిపాదించి వాటి గణితాన్ని వివరించాడు. నేటి ఉపగ్రహ వాహకాలు అన్నీ ఈ అంచెల పద్ధతినే అనుసరిస్తున్నాయి. 2014 జనవరిలో శ్రీహరికోట నుండి ప్రయోగించిన జి.ఎస్.ఎల్.వి.-డి5 రాకెట్టులో తొలిసారిగా విజయవంతమైన భారతీయ క్రయోజెనిక్ ఇంజను కూడా ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతోనే పనిచేసినది.

నక్షత్రయానంపై ఆలోచనలు

సియోల్కోవ్‌స్కీ దృష్టిలో చంద్రుడు, గ్రహాలు మజిలీలు మాత్రమే. సూర్యుడు శాశ్వతం కాదు కనుక, మానవజాతి శాశ్వతంగా మనుగడ సాగించాలంటే ఇతర సూర్యుల వద్దకు వలస వెళ్లక తప్పదని ఆయన వాదించాడు. 1926లో ప్రకటించిన 16 దశల ప్రణాళికలో రాకెట్ విమానాలతో మొదలై, భూకక్ష్యలో నివాసాలు, మొక్కలు పెంచే గృహాలు, సౌరశక్తి వినియోగం, గ్రహశకలాలపై స్థావరాలు, చివరకు పాలపుంతలో విస్తరణ వరకు క్రమాన్ని సూచించాడు. సూర్యుడు క్షీణించే కాలానికి మిగిలినవారు ఇతర నక్షత్రాలకు తరలిపోవడం అందులో చివరి దశ.

నక్షత్రాలను చేరుకొనడానికి ఆయన రెండు మార్గాలను ఆలోచించాడు. మొదటిది వేగం. 1911-12 నాటి వ్యాసంలో, రేడియం వంటి పదార్థాల విఘటనను త్వరితం చేసి ఆ శక్తిని రాకెట్టుకు ఉపయోగించగలిగితే అతి సమీప నక్షత్రానికి ప్రయాణం 10 నుండి 40 సంవత్సరాలలో ముగియవచ్చునని ఊహించాడు. పరమాణు కేంద్రక విచ్ఛిత్తిని కనుగొనడానికి అది పాతికేళ్లకు పైగా ముందుమాట.

రెండవది ఓర్పు. 1928లో వ్రాసిన ఒక రచనలో, బైబిలులోని నోవా ఓడను పోలిన మహానౌకలను వర్ణించాడు. అవి వేల సంవత్సరాలు ప్రయాణిస్తాయి. బయలుదేరినవారు గమ్యాన్ని చూడరు. మార్గమధ్యంలో పుట్టి పెరిగిన తరాల వారసులు చేరుకుంటారు. నేడు దీనిని తరాల నౌక అని వ్యవహరిస్తారు. సూర్యుని అంత్యకాలంలో జరిగే ఇటువంటి వలసను గొడార్డ్ కూడా 1918లోనే ఊహించి వ్రాసి, ఆ కాగితాలను బయటపెట్టకుండా భద్రపరచాడు.

నేటి విజ్ఞానం దృష్టిలో

సూర్యుని తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దాని దూరం 4.24 కాంతి సంవత్సరాలు. దాని చుట్టూ తిరిగే ఒక గ్రహాన్ని 2016లో కనుగొన్నారు. 1977లో ప్రయోగించబడి, 2012లో సూర్యుని ప్రభావ మండలాన్ని దాటి నక్షత్రాంతర ప్రదేశంలో ప్రవేశించిన వాయేజర్-1 వేగం సెకనుకు సుమారు 17 కి.మీ. ఆ వేగంతో ప్రాక్సిమాను చేరడానికి దాదాపు 75,000 సంవత్సరాలు పడుతుంది. మానవుని లిఖిత చరిత్ర 5,000 సంవత్సరాలకు కొంచెం ఎక్కువ.

ప్రయాణం 40 ఏళ్ల చిల్లరలో ముగియాలంటే కాంతివేగంలో పదవ వంతు, అనగా సెకనుకు 30,000 కి.మీ. వేగం కావాలి. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల వంటి రసాయన ఇంధనాలకు సియోల్కోవ్‌స్కీ సమీకరణాన్ని వర్తింపజేస్తే తొలి, తుది ద్రవ్యరాశుల నిష్పత్తి ఒకటి పక్కన సుమారు 2,900 సున్నాలున్న సంఖ్య అవుతుంది. మనకు కనిపించే విశ్వంలోని పరమాణువుల సంఖ్యకు ఒకటి పక్కన 80 సున్నాలు చాలునని అంచనా. కాబట్టి రసాయన రాకెట్టు ఎన్ని అంచెలుగా నిర్మించినా ఈ పనికి చాలదు. ఇది ఇంజనీర్ల నైపుణ్యానికి సంబంధించిన లోపం కాదు, లెక్కకు సంబంధించిన హద్దు.

అదే సమీకరణం మరొక దారిని కూడా చూపుతుంది. వెలువడే కణాల వేగాన్ని సెకనుకు 10,000 కి.మీ.కు పెంచగలిగితే నిష్పత్తి 20కి దిగివస్తుంది. గమ్యం వద్ద ఆగడానికి కూడా ఇంధనం మోసుకుపోవాలి కనుక అప్పుడది 20 రెట్లు 20, అనగా 400 అవుతుంది. పెద్ద సంఖ్యే అయినా ఊహకు అందేది. ఇంతటి వేగం కేంద్రక సంలీనం వంటి ప్రక్రియల నుండి మాత్రమే రాగలదు. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ సభ్యులు 1973-78 మధ్య రూపొందించిన డేడలస్ పథకం ఈ కోవకు చెందినది. 54,000 టన్నుల బరువు, అందులో 50,000 టన్నుల ఇంధనం గల ఆ మానవరహిత నౌక కాంతివేగంలో 12 శాతాన్ని అందుకొని, 5.9 కాంతి సంవత్సరాల దూరంలోని బర్నార్డ్ నక్షత్రాన్ని సుమారు 50 ఏళ్లలో చేరుతుంది. అయితే అక్కడ ఆగలేక దాటిపోతుంది. దానికి కావలసిన హీలియం-3ను బృహస్పతి వాతావరణం నుండి సేకరించాలని ప్రతిపాదించారు. ఈ పథకం కాగితం మీదనే ఉండిపోయినది.

ఇంధనాన్ని మోయడమే మానివేస్తే సమీకరణం విధించే హద్దు వర్తించదు. కాంతి పీడనంతో కదిలే తెరచాప ఇటువంటిది. సియోల్కోవ్‌స్కీ, ఆయన అనుయాయి ఫ్రీడ్రిఖ్ త్సాందర్ 1920లలోనే దీనిని చర్చించారు. 2010లో జపాన్ ప్రయోగించిన ఇకరోస్ వ్యోమనౌక సూర్యకాంతి తెరచాపతో గ్రహాంతర ప్రయాణం చేసినది. కొద్ది గ్రాముల బరువుండే పరికరాలను లేజర్ కిరణాలతో కాంతివేగంలో 20 శాతానికి నెట్టాలని 2016లో బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ పథకాన్ని ప్రకటించారు. ఈ పద్ధతులు పరికరాలను పంపడానికి ఉద్దేశించినవే తప్ప మనుషులను పంపడానికి కాదు.

తరాల నౌకకు వేగం కంటే జీవనాధారం పెద్ద సమస్య. గాలి, నీరు, ఆహారం బయటి సహాయం లేకుండా శతాబ్దాలపాటు తిరిగి తిరిగి ఉత్పత్తి కావాలి. మొక్కలతో కూడిన మూసివున్న గృహాలను సియోల్కోవ్‌స్కీ సూచించినా, ఆచరణలో అది సులభం కాలేదు. అమెరికాలోని అరిజోనాలో 1991-93లో ఎనిమిది మంది నివసించిన బయోస్ఫియర్-2 భవనంలో ప్రాణవాయువు 21 శాతం నుండి 15 శాతం దిగువకు పడిపోవడంతో బయటి నుండి పంపవలసి వచ్చినది. రోదసిలో ఏకబిగిన అత్యధిక కాలం గడిపిన వలేరీ పొల్యకోవ్ 1994-95లో ఉన్నది 437 రోజులు. తరాల నౌకలో గడపవలసిన కాలంతో పోలిస్తే ఇది అత్యల్పం.

ఈ కారణాల వలన మానవుడు నక్షత్రాలకు వెళ్లడాన్ని భౌతిక సూత్రాలు నిషేధించకపోయినా, నేడు తెలిసిన ఏ సాధనమూ అందుకు చాలదన్నది శాస్త్రజ్ఞుల సాధారణ అభిప్రాయం. సియోల్కోవ్‌స్కీ ఊహించిన రెండు మార్గాలు, అనగా పరమాణు శక్తి మరియు తరాల నౌక, నేటి చర్చలలో కూడా ప్రధానంగానే ఉన్నాయి.

ఇతర అభిప్రాయాలు, విమర్శలు

విశ్వంలోని ప్రతి అణువుకూ ఒక విధమైన చైతన్యం ఉన్నదని సియోల్కోవ్‌స్కీ నమ్మాడు. ఇతర గ్రహాలలో మనకన్నా ఉన్నతమైన జీవులున్నారని, మానవుడు ఇంకా పరిణతి చెందనందున వారు మనతో సంబంధం పెట్టుకొనలేదని 1930లలో వ్రాశాడు. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని, అది విధించే వేగ పరిమితిని ఆయన అంగీకరించలేదు. ఈ విషయంలో తదనంతర ప్రయోగాలు ఐన్‌స్టీన్‌నే సమర్థించాయి. మానవజాతిని ఎంపిక ద్వారా మెరుగుపరచాలని, బాధకు లోనయ్యే తక్కువ స్థాయి జీవరాశిని లేకుండా చేయాలని ఆయన వెలిబుచ్చిన భావాలు తీవ్ర విమర్శకు గురయ్యాయి. విశ్వమంతటా సుఖం నెలకొనాలన్న ఆయన కోరికలో, ఎవరు జీవించాలో నిర్ణయించే అధికారం కొందరికి ఇవ్వడం కూడా ఇమిడి ఉన్నదని విమర్శకులు ఎత్తిచూపారు.

చివరి దశ

విప్లవానంతరం 1918లో సోషలిస్టు అకాడమీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. అయినా 1919 నవంబరులో రహస్య పోలీసులు నిర్బంధించి మాస్కోలోని లుబ్యాంకా జైలులో కొద్ది రోజులు ఉంచి విడిచిపెట్టారు. 1921లో ప్రభుత్వం జీవితకాలపు పింఛను మంజూరు చేయగా ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించాడు. 1923లో ఒబెర్త్ గ్రంథం వెలువడి సంచలనం కలిగించినప్పుడు, ఇరవై ఏళ్లనాటి తన వ్యాసాన్ని పునర్ముద్రించి ప్రపంచం దృష్టికి తెచ్చాడు. తరువాత ఒబెర్త్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపాడు. భావికాలంలో సోవియట్ రాకెట్ ఇంజన్ల రూపశిల్పిగా పేరొందిన వలెంతీన్ గ్లుష్కో బాలుడుగా ఉన్నప్పుడే ఆయనకు ఉత్తరాలు వ్రాసి పుస్తకాలు తెప్పించుకున్నాడు.

1932లో 75వ జన్మదినం సందర్భంగా శ్రామిక ఎర్రజెండా పురస్కారం లభించినది. "రోదసీ ప్రయాణం" అనే చలనచిత్రానికి సలహాదారుగా ఉండి, భారరహిత స్థితిలో మనుషులు ఎలా కదులుతారో చూపే బొమ్మలు గీసి ఇచ్చాడు. ఆ చిత్రం 1936లో విడుదలయ్యే నాటికి ఆయన లేడు. ఉదర కాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన తరువాత 1935 సెప్టెంబరు 19న కలూగాలో మరణించాడు. తన రచనలన్నింటినీ సోవియట్ ప్రభుత్వానికి, కమ్యూనిస్టు పార్టీకి అప్పగించాడు.

ముఖ్య రచనలు

* చంద్రునిపై (1893) - వైజ్ఞానిక నవలిక
* భూమ్యాకాశాల స్వప్నాలు (1895)
* ప్రతిచర్యా సాధనాలతో విశ్వాంతరాళ అన్వేషణ (1903, 1911-12, 1926)
* భూమికి ఆవల (1920) - నవల
* రోదసీ రాకెట్ రైళ్లు (1929)

గౌరవాలు, స్మారకాలు

* ఆయన శతజయంతి సంవత్సరమైన 1957లోనే, అక్టోబరు 4న, సోవియట్ యూనియన్ తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్-1ను ప్రయోగించినది.
* సోవియట్ విజ్ఞాన అకాడమీ 1954లో ఆయన పేరిట స్వర్ణపతకాన్ని నెలకొల్పినది.
* కలూగాలోని రోదసీయాన చరిత్ర ప్రదర్శనశాలకు 1961లో తొలి రోదసీయాత్రికుడు యూరీ గగారిన్ శంకుస్థాపన చేశాడు. అది 1967లో ప్రారంభమైనది. ఆయన నివసించిన ఇల్లు కూడా ప్రదర్శనశాలగా ఉన్నది.
* చంద్రుని ఆవలి వైపున సుమారు 180 కి.మీ. వ్యాసం గల ఒక బిలానికి, 1590 సంఖ్య గల గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు.
* రష్యా తూర్పు ప్రాంతంలోని వొస్తోచ్నీ ప్రయోగ కేంద్రం సమీపంలోనున్న ఉగ్లెగోర్స్క్ పట్టణానికి 2015లో సియోల్కోవ్‌స్కీ అని పేరు మార్చారు.